గింజలు వేసిందెవరు

ఎవరైనా ప్రశ్న అడిగితే వింధ్యవాసినమ్మగారు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన ఒక లెక్చరర్‌కి మూడు నెలలపాటు తడికట్టెల పొయ్యి ఊదే పని అప్పజెప్పారు. దేవుడున్నాడా అని అడిగిన ఒక రిటైర్డ్ తహసీల్దారును, కప్పు కారుతోంది, ఎక్కి చూడమన్నారు. ఆయన దిగివచ్చి, దేవుడి సంగతి తేలలేదుగాని పలకలు రెండు పగిలాయని చెప్పాడట. అడిగిన ప్రశ్నకీ చెప్పిన పనికీ ఉన్న సంబంధం కొందరికి అక్కడే తెలిసేది, కొందరికి ఊరికి తిరిగివెళ్ళిన ఆరు నెలలకి తెలిసేది, కొందరికి అసలు తెలిసేదే కాదు. తెలియనివాళ్ళు కూడా ఆవిడను తప్పుపట్టలేదు. ఎవరికి ఏమి తెలిసినా తెలియకపోయినా పొయ్యి వెలిగేది, కప్పు బాగయ్యేది.

ఆవిడ తునిలో ముప్పై నాలుగేళ్ళు హైస్కూలు టీచరుగా చేశారు. రిటైరైన సంవత్సరం బదరీయాత్రకు వెళ్ళి, తిరిగివచ్చేటప్పుడు కుమావూ కొండల్లో పాటీఖేత్ అనే చిన్న ఊళ్ళో, దగ్గు తగ్గేదాకా నాలుగు రోజులుందామని దిగారు. దగ్గు తగ్గింది, ఆవిడ మాత్రం కిందికి రాలేదు. అలా ఇరవై రెండేళ్ళు. ఆవిడ ఇల్లు వరసగా మూడు గదులు, ముందు వరండా, రాతిపలకల కప్పు, వాకిట్లో నాలుగు ఆలూబుఖారా చెట్లు, ఓ మూలన కట్టెల గది. ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు ఆంధ్రదేశం నుంచి ఎవరో ఒకరు వచ్చి, వారమో ఆరు నెలలో ఉండి వెళ్ళేవారు. వాళ్ళు తమను శిష్యులమని చెప్పుకునేవారు, ఆవిడ అతిథులనేవారు.

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన అతిథి శేషరత్నం. రాజమండ్రి ట్రంకు ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. అరవై తొమ్మిదేళ్ళు. భర్త పోయి తొమ్మిదేళ్ళు, పిల్లలు లేరు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో జిల్లా అంతా ఆమె జ్ఞాపకశక్తి గురించి చెప్పుకునేవాళ్ళు. ఫోనెత్తి 'అమ్మా' అంటే చాలు, గొంతు గుర్తుపట్టి, మండపేట బియ్యం మిల్లా, అర్జెంటా, ఆర్డినరీయా, లైన్లో ఉండండి, అని కలిపేసేది. డైరెక్టరీ తెరిచి నంబరు వెతకడం ఆమెకు చిన్నతనంగా ఉండేది. అటువంటి మనిషి ఒకరోజు గోదావరి గట్టు మీద నిలబడి, ఇంటికి ఎటు వెళ్ళాలో తెలియక, దారేపోయే రిక్షాను ఆపింది. ఎక్కడికమ్మా అంటే చెప్పలేకపోయింది. పోనీ ఇంటి ఫోను నంబరు చెప్పమని అతను అడిగితే, నోటికి వచ్చింది నలభై ఏళ్ళ కిందటి సామర్లకోట స్టేషను మాస్టరు నంబరు. చివరికి అతనే సందులన్నీ తిప్పి తిప్పి ఆమె ఇల్లు కనిపెట్టాడు.

డాక్టరు ఏదీ తేల్చి చెప్పలేదు. వయసన్నాడు, ఆరు నెలలాగి రమ్మన్నాడు. ఆ ఆరు నెలలూ ఏంచేయాలో చెప్పలేదు. మతిమరుపు వాళ్ళను చూసుకునే ఇల్లు ఒకటి ఊరి చివర ఉందని విని, శేషరత్నం వెళ్ళి చూసి వచ్చింది. మంచాలు శుభ్రంగా ఉన్నాయి, గేటుకి తాళం ఉంది. లోపలున్న వాళ్ళలో ఒకామె, ఎవరినో ఎరిగినట్టు, ఈమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఫారం తెచ్చుకుంది, నింపింది, సంతకం పెట్టింది. పోస్టు మాత్రం చెయ్యలేదు. ఆ ఫారం పెట్టె అడుగున పెట్టుకునే ఈ కొండ ఎక్కింది.

వచ్చిన రోజే అడిగింది. "అమ్మగారూ, ఒక్కొక్కటే మరిచిపోతున్నాను. అన్నీ పోయాక ఇక మిగిలేదేమిటి?"

వింధ్యమ్మగారు మజ్జిగ చిలుకుతున్నారు. కవ్వం ఆపారు. "రేపటినుంచి పిట్టలకి గింజలు నువ్వు వెయ్యి, రత్నం," అన్నారు.

చూడటానికి చిన్న పనే, కాని ఒక క్రమం ఉంది. ఆ ఇంట్లో రెండు పిల్లులున్నాయి. ఎర్రదాని పేరు బెల్లం. మెడ దగ్గర తెల్లపట్టీ ఉన్న నల్లదాని పేరు గార్డు. పొద్దున్నే ముందు వాటిని కట్టెల గదిలోకి తోలి, తలుపు గొళ్ళేనికి తాడు ముడివేయాలి. గడియ ఎప్పుడో ఊడిపోయింది. తరవాత రాతిగోడ మీది సత్తు పళ్ళెంలో కొర్రలూ, నూకలూ పొయ్యాలి. పక్కన మట్టి గిన్నెలో నీళ్ళు మార్చాలి. పిట్టలు తిని చెట్లెక్కాక పిల్లులను వదలాలి. వరస తప్పితే పిట్టకు పెట్టిన అన్నం పిల్లికి వేసిన ఎర అవుతుంది.

శేషరత్నం ఆ పనిని ట్రంకు బోర్డు ముందు కూచున్నంత శ్రద్ధగా మొదలుపెట్టింది. ఒక నోటుబుక్కు పెట్టి, ఏ పిట్ట ఎన్ని గంటలకు వచ్చిందీ రాసేది. ఆ కొండపిట్టల్లో సగానికి తెలుగులో పేర్లే లేవు, కొత్త పేర్లు నేర్చుకుందామంటే సాయంత్రానికి మిగిలేవి కావు. అందుకని తాను ఎన్నటికీ మరిచిపోని పేర్లు పెట్టుకుంది. జుట్టున్న పిగిలిపిట్ట సామర్లకోట. జంటగా వచ్చే గువ్వలు ద్వారపూడి, అనపర్తి. ఎప్పుడూ కయ్యానికి దిగే నల్లతల పిట్ట పిఠాపురం. ఈల వేసినట్టు కూసే పెద్ద నీలిపిట్టకు, అమ్మగారి ఊరని, తుని అని పెట్టింది. 'ఏడూ పది: సామర్లకోట. ఏడూ పదిహేను: ద్వారపూడి, అనపర్తి' అని పుస్తకం నిండా రాసుకునేది.

దీనికి అందరికంటే ఎక్కువ సంబరపడినవారు కూర్మారావుగారు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు, ఆ చలికాలం చివరి గదిలో అతిథి. దుర్భిణి మెడలో వేసుకుని వరండాలో కూచుని, సామర్లకోట ఇవాళ పన్నెండు నిమిషాలు లేటు రత్నమ్మగారూ, పిఠాపురం లైను క్లియరు ఇవ్వడం లేదు, అని ప్రకటించేవారు. పిల్లికి గార్డు అని పేరు తానొచ్చాక పెట్టారా, అంతకుముందే ఉందా అని ఎన్నిసార్లు అడిగినా వింధ్యమ్మగారు తేల్చి చెప్పేవారు కాదు.

మాఘమాసంలో ఒక పొద్దున శేషరత్నం పిల్లులను గదిలో పెట్టడం మరిచిపోయింది. పళ్ళెం నింపి లోపలికి వచ్చి, కాఫీ తాగి, పుస్తకం పట్టుకుని మళ్ళీ బయటికి వెళ్ళేసరికి గోడ కింద నీలం ఈకలు. బెల్లం మూతి తుడుచుకుంటోంది. వింధ్యమ్మగారు మిగిలినదాన్ని చెట్టు మొదట్లో పూడ్పించి, పళ్ళెం కడిగి పెట్టమన్నారు. ఆవిడ తిట్టి ఉంటే శేషరత్నం కొంత తేలికపడేదేమో. ఆ మధ్యాహ్నం నోటుబుక్కు చివరి పేజీలో, మరిచిపోకుండా, పెద్ద అక్షరాలతో రాసుకుంది: 'ఇంకొక్కసారి ఇలా జరిగితే ఫారం పోస్టు చెయ్యాలి.' ఆనాటినుంచి తాడుకు జారుముడి మాని పీటముడి వెయ్యడం మొదలుపెట్టింది, అది కూడా ఒకటి మీద ఒకటి రెండు. వేసి, నాలుగడుగులు వెళ్ళి, వెనక్కి వచ్చి లాగి చూసేది. ఒక్కోరోజు మూడుసార్లు వెనక్కి వచ్చేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. గదిలో ఉంటే వరండాలోకి, వరండాలో ఉంటే గదిలోకి, ఏదో వదిలేశాననుకుంటూ తిరిగేది. వదిలేసిందేమిటో మాత్రం తెలిసేది కాదు.

ఫాల్గుణం వచ్చింది. ఆలూబుఖారా చెట్లు తెల్లగా పూశాయి. ఇక చలి పోయినట్టేనని పాలుపోసే గోవిందీ దీదీ చెప్పింది, కూర్మారావుగారు ఉన్ని టోపీ ఉతికి ఆరేశారు. మర్నాడు శేషరత్నం నిద్రలేచి కిటికీ తెరిస్తే బయట అంతా తెలుపు. పూలెక్కడో మంచెక్కడో తెలియడం లేదు. అప్పటికే మంచు కురవడం ఆగింది. చూరునుంచి మాత్రం చుక్కలు రాలుతున్నాయి. ఆమె మొహం కడుక్కుంది. పొయ్యి వెలిగించింది. కాఫీ కలుపుకుని రెండు గుక్కలు తాగింది. ఇంత మంచులో పిట్టలకి వేరే తిండి దొరకదు, తొందరగా వెయ్యాలి అనుకుంటూ శాలువా కప్పుకుని, గింజల డబ్బా చంకన పెట్టుకుని తలుపు తీసింది.

వాకిట్లో అడుగులున్నాయి. వరండా మెట్ల దగ్గర మొదలై, తిన్నగా కట్టెల గదికి, అక్కడినుంచి రాతిగోడకి, తిరిగి మెట్ల దగ్గరికి. గోడమీద పళ్ళెం నిండుగా ఉంది. సామర్లకోట, గువ్వలు, పేరు పెట్టని పిచ్చుకలు ఇంకో పాతిక, తోసుకుంటూ తింటున్నాయి. కట్టెల గది తలుపుకి తాడు కట్టి ఉంది, లోపల పిల్లులు అరుస్తున్నాయి.

గుమ్మం పక్కన రబ్బరు బూట్లు ఉన్నాయి. ఆ ఇంటికి అవి ఒక్క జతే. వానకీ మంచుకీ ఎవరు బయటికి వెళ్ళినా వాటిలోనే కాళ్ళు పెట్టుకుని వెళ్తారు. శేషరత్నం వంగి చూసింది. తడిగా ఉన్నాయి, మడమల దగ్గర ఇంకా మంచు కరగలేదు. వాటిని తొడుక్కుని మెట్లు దిగి, ఒక అడుగులో అడుగు పెట్టి చూసింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

ఆమె లెక్క వేసుకుంది. కూర్మారావుగారివి పెద్ద పాదాలు, ఆయనకు సొంత బూట్లున్నాయి, పైగా ఆయన గురక ఇప్పటికీ వినిపిస్తోంది. గోవిందీ దీదీ ఎనిమిదింటికి గాని రాదు, కింది దారిలో ఒక్క అడుగు కూడా లేదు. వింధ్యమ్మగారు చీలమండలు వాచి మూడు నెలలుగా మెట్లు దిగడం లేదు. పొద్దున అయిదింటికి తలుపు వేసుకుని ధ్యానంలో కూచుంటే ఎనిమిదింటికి గాని తియ్యరు. ఇక మిగిలింది తాను. తనే లేచి, ఈ బూట్లు తొడుక్కుని, పిల్లులను తోలి, ముడివేసి, గింజలు పోసి, లోపలికి వచ్చి పడుకుని, మళ్ళీ కొత్తగా లేచింది. ఏమీ గుర్తులేదు. ఒక మాటో, ఒక పేరో పోవడం వేరు. ఈసారి తనకు తెలియకుండా తనే నడిచి వెళ్ళి వచ్చింది. ఎదురుగా మంచు మీద కనిపిస్తోంది.

లోపలికి వచ్చింది, బయటికి వెళ్ళింది. నోటుబుక్కు తెరిచి ఇవాళ్టి పేజీ చూసింది, ఖాళీగా ఉంది. చివరి పేజీ చూసింది, ఖాళీగా లేదు. పాత నంబర్లు వరసగా చెప్పుకుంటూ గదిలో పచార్లు చేసింది. అన్నీ వచ్చాయి. నలభై ఏళ్ళ కిందటివి ఒక్కటీ తప్పకుండా వచ్చాయి. అందుకు ఇంకా భయం వేసింది. పెట్టె అడుగునుంచి ఫారం తీసి, కవరులో పెట్టి, అంటించి, వరండా పిట్టగోడ మీద రాయి కింద ఉంచింది. ఎనిమిదింటికి గోవిందీ దీదీ వస్తుంది. బజారుకు వెళ్తూ ఉత్తరాలు ఆమే తీసుకువెళ్తుంది.

ఈ చప్పుడుకి కూర్మారావుగారు లేచి వచ్చారు. ఆరేసిన టోపీ మంచులో కర్రలా బిగుసుకుపోయి ఉంటే, దాన్ని కుంపటి మీద పట్టుకుని ఆరబెడుతూ సంగతంతా విన్నారు. మొదట అలవాటు కొద్దీ వేళాకోళం చేశారు. "ఏముంది రత్నమ్మగారూ, కాల్ మీరే బుక్ చేశారు, మీరే కలిపారు, మీరే మరిచిపోయారు. చార్జీ మాత్రం వెయ్యకండి," అన్నారు. ఆమె నవ్వలేదు. రాయి కింద కవరు వైపు చూసి, ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది, ఎక్కడికి రాసిన ఫారమో, ఎందుకో. కూర్మారావుగారు టోపీ పక్కన పెట్టేశారు. మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. అందుకని దర్యాప్తు మొదలుపెట్టారు. దుర్భిణి పెట్టి అడుగులన్నీ పరీక్షించారు. చివరికి అది దింపి, ముడి సంగతేమిటన్నారు.

శేషరత్నానికి ముందు అర్థంకాలేదు. ఆయన వివరించారు. ముప్పై ఏళ్ళు వ్యాగన్లకు సీళ్ళూ ముళ్ళూ చూసుకున్నవాణ్ణి, మనిషి మొహం మరిచిపోతానేమోగాని ముడి మరిచిపోనన్నారు. వింధ్యమ్మగారి వేళ్ళలో సత్తువ లేదు, ఆవిడ ఎప్పుడు ఏది కట్టినా లాగితే ఊడే జారుముడే. తుని పిట్ట చచ్చిపోయిన రోజునుంచి మీరు రెండేసి పీటముళ్ళు వేస్తున్నారు. ముడి విప్పి చూస్తే ఎవరి చెయ్యో తేలిపోతుంది.

ఇద్దరూ మంచులో దిగారు. ఆయన ముందు, ఆమె వెనక. అప్పటికి పిట్టలు తిని చెట్లెక్కాయి. పళ్ళెంలో నూకపొట్టు తప్ప ఏమీ లేదు. జారుముడి అయితే ఆ కవరు మళ్ళీ పెట్టెలోకి పోతుంది. పీటముడి అయితే పోస్టుకు పోతుంది. మాఘంలో రాసుకున్న మాట అది, ఇప్పుడు తప్పేది లేదు.

తీరా వెళ్ళి చూస్తే ముడి కనిపించడం లేదు. చూరునుంచి కారిన నీళ్ళు సరిగ్గా దానిమీద పడి గడ్డకట్టి, నిమ్మకాయంత ఉండ అయింది. కూర్మారావుగారు గోటితో గీకారు, ఊదారు, రెండు అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు నిలబడ్డారు. లాభం లేదు. వేడినీళ్ళు పోస్తే కరుగుతుంది, చెంబుడు తెండి, అన్నారు. లోపల పిల్లులు తలుపు గీరుతున్నాయి. శేషరత్నం వంటగదికి పరిగెత్తినంత పనిచేసింది. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు చెంబులోకి వంచుకుని, కొంగుతో పట్టుకుని వరండాలోకి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

వింధ్యమ్మగారు మెట్లు దిగి మంచులో నడుస్తున్నారు. కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, వాటిమీద స్నానాల గది చెప్పులు. చేతికర్ర ఊనుకుంటూ, ఉన్న అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ, తొందరపడకుండా కట్టెల గది దాకా వెళ్ళారు. పిల్లులు అంతసేపటినుంచీ అరుస్తుంటే ఇద్దరు పెద్దవాళ్ళు ఏంచేస్తున్నారని అడిగారు. కూర్మారావుగారు ముడి గురించి ఏదో చెప్పబోయారు. ఆవిడ చూరులో దోపిన కొడవలి తీసుకుని, ఉండకు బెత్తెడు దూరంలో, ఒక్క లాగుతో తాడు కోసేశారు. తలుపు తెరుచుకుంది. బెల్లమూ గార్డూ ఒకదాని వెంట ఒకటి బయటికి దూకి, మంచు కాళ్ళకు తగలగానే పిట్టల ఊసే ఎత్తకుండా, వరండాలోని కుంపటి దగ్గరికి పరిగెత్తాయి.

ఆవిడ కూడా తిరిగి వచ్చారు. చేతిలో తాడుముక్క, దాని మధ్య మంచు ఉండ. పీట మీద కూచుని, ఆ తాడును కుంపట్లో నిప్పుల మీద వేశారు. సుయ్యిమంది. ఆవిరి లేచింది. ఉండ పైపైన కరగడం మొదలుపెట్టింది. ఇంకో నాలుగు క్షణాలు అక్కడే నిలబడితే, తాడు అంటుకునేలోపల, లోపలి ముడి ఏదో కనిపిస్తుంది. శేషరత్నం కళ్ళు దానిమీదే ఉన్నాయి.

"నీళ్ళు చల్లారిపోతున్నాయి, రత్నం," అన్నారు వింధ్యమ్మగారు. "గోడమీద పిట్టల గిన్నె గడ్డకట్టింది. తిని ఎంతసేపైందో, వాటికి తాగడానికి లేదు."

శేషరత్నం నిప్పుల వైపు చూసింది, గోడ వైపు చూసింది. చెట్టుమీద సామర్లకోట జుట్టు నిక్కించి, గిన్నె అంచుకు వచ్చి, గట్టినీళ్ళ మీద ముక్కుతో ఒకసారి కొట్టి, మళ్ళీ కొమ్మమీదికి పోయింది. చెంబు వేడి కొంగులోంచి చేతికి తగులుతోంది. ఆమె మెట్లు దిగింది. వాకిలి దాటి వెళ్ళి గిన్నెలో నెమ్మదిగా పోసింది. మంచుపెళ్ళ టప్పున చిట్లి, రెండై, తేలి, కరిగింది. వేడి తగ్గేదాకా వేలు పెట్టి చూస్తూ అక్కడే నిలబడింది. చాలనిపించాక రెండడుగులు వెనక్కి వేసింది. సామర్లకోట వచ్చి తాగింది. ద్వారపూడి వచ్చింది, అనపర్తి రాలేదు, కాసేపటికి అదీ వచ్చింది. ఆ పొద్దున శేషరత్నం ఒకచోట కదలకుండా నిలబడింది అప్పుడే.

తిరిగి వచ్చేసరికి కుంపట్లో బూడిద. పిల్లులు దాని పక్కన ఒళ్ళు నాక్కుంటున్నాయి. కూర్మారావుగారు మాత్రం ఊరుకోలేకపోయారు. ఎంతైనా జీవితమంతా రిపోర్టులు రాసిన మనిషి. ఇంతకీ పొద్దున గింజలు వేసిందెవరని రాసుకోమంటారండీ అని అడిగారు. వింధ్యమ్మగారు కర్రతో బూడిద కదిపి ఆలోచించారు, నిజంగానే ఆలోచించారు.

"నేనే అయ్యుండొచ్చు. మేజోళ్ళు తడిసి ఉన్నాయి, ఆ తడి ఇప్పటిదో ఇందాకటిదో. జ్ఞాపకం లేదు."

శేషరత్నం ఆవిడ మొహంలోకి చూసింది. తనను ఓదార్చడానికి అంటున్నారేమోనని వెతికింది. అక్కడ ఓదార్పు లేదు, సిగ్గూ లేదు. ఎండ వస్తుందో రాదో చెప్పే మనిషి మొహంలా ఉంది. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, మూడేళ్ళయిందేమో, నాలుగో, అన్నారు. శేషరత్నం రాకముందు ఏడాది పిల్లులను వదిలేసి రెండుసార్లు గింజలు వేశానని, రెండు పిట్టలు పోయాయని, ఆ పని ఇంక తన వల్ల కాదని ఎవరైనా వస్తే బాగుండునని చూస్తున్నానని చెప్పారు. "నువ్వొచ్చావు. ఏదో అడిగావు కూడాను. ఏమడిగావు?"

శేషరత్నం నాలుగు నెలలుగా ఆ పనిలో తన ప్రశ్నకు జవాబు వెతుకుతోంది. ప్రతి గింజలోనూ ఏదో ఉందనుకుంది. ఆవిడకేమో ప్రశ్నే గుర్తులేదు. ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో తెలియక ఆమె పిట్టగోడకు ఆనుకుంది. మొదట కూర్మారావుగారు నవ్వారు, ఆవిడను చూసి కాదు, బిగుసుకుపోయిన టోపీని బెల్లం ఎక్కి కూచుందని. తరవాత ఆమె కూడా నవ్వింది.

కింది దారిలో గోవిందీ దీదీ పాలక్యానుతో, మోకాళ్ళదాకా మంచుతో వచ్చింది. పాలు పోసి, ఫాల్గుణంలో ఈ మంచేమిటని కొండను తిట్టి, రాయి కింద ఉన్న కవరు చూసి, బజారుకే వెళ్తున్నాను, ఇవ్వమంది. శేషరత్నం రాయి తీసింది. కవరు అంచు తడిసి సిరా కొంచెం అలుక్కుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇవాళ వద్దులే దీదీ అని, నోటుబుక్కులో పెట్టుకుంది. చింపెయ్యలేదు. గోవిందీ దీదీ ఖాళీ క్యాను ఊపుకుంటూ, వాకిట్లోని పాత అడుగులమీదుగా నడిచి వెళ్ళింది. ఏ అడుగు ఎవరిదో ఇక తెలిసే వీలు లేదు.

వింధ్యమ్మగారు తడిసిన మేజోళ్ళు విప్పి కుంపటి పక్కన ఆరవేసుకున్నారు. రేపు పొద్దున లేవగానే నన్ను అడుగు, గింజలు వేశారా అని, నేనూ నిన్ను అడుగుతాను, అన్నారు. ఇద్దరిలో ఒకరికైనా గుర్తుంటుంది కదా అన్నట్టు.

శేషరత్నం ఆవిడ పాదాల మీద శాలువా అంచు కప్పింది. కప్పుతూనే అడిగేసింది.

"ఇద్దరికీ గుర్తులేని రోజు వస్తే, అమ్మగారూ?"

వింధ్యమ్మగారు గోడవైపు చూశారు.

"పళ్ళెం చూద్దాం," అన్నారు.